మాణిక్యాంబ గారు విన్న వీధులు

మొన్న తెల్లవారుతూనే ఎదురింటి కోటేశ్వరమ్మ గారు మా గేటు పట్టుకుని నిలబడి, "బావగారూ, మన మాణిక్యం వెళ్లిపోయిందండీ" అన్నారు. మోపిదేవి దర్శనానికి వెళ్లిందేమో, సాయంత్రం బస్సుకు తిరిగొస్తుందిలే అనుకున్నాను. కోటేశ్వరమ్మ గారి కళ్లు చూశాక గాని ఆ మాట నా బుద్ధికెక్కలేదు. నిద్రలోనే ప్రాణం పోయిందట. ముందునాటి సంధ్యవేళ మా మెట్ల మీద కూర్చుని, "అన్నయ్యా, ఇవాళ గాలి సముద్రం మీంచి వస్తోంది, విన్నావా?" అన్న మనిషి. గాలిని వినడమేమిటమ్మా అని నవ్వేశాను. ఆ నవ్వు ఇంకా నా నోట్లోనే ఉంది, మింగుడు పడడం లేదు.

దిగ్భ్రాంతి తీరకముందే కోపం వచ్చింది. మధ్యాహ్నానికి సెల్‌ఫోన్లలో ఒక సంతాప సందేశం తిరిగింది. "ఇళ్లు చూపించే మాణిక్యాంబ కన్నుమూత" అట! కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. ఇళ్లు చూపించేవాళ్లు బందరులో సందుకొకరున్నారు. పడకగది ఎంత, కారు ఎక్కడ పెట్టుకోవాలి, రేపు అమ్ముకుంటే ఎంతొస్తుంది, ఇదీ వాళ్ల విద్య. మాణిక్యాంబ గారు ఏ కుటుంబానికీ ఇల్లు చూపించలేదు, వీధిని వినిపించారు. ఆ రెంటికీ ఉన్న అంతరం తెలియనివాళ్లు సంతాపాలు రాస్తున్నారు గనుక, ఐదో తరగతితో బడి మానేసి అచ్చాఫీసులో అక్షరాలు కూరుస్తూ చదువు నేర్చుకున్న నేను ఈ వయసులో కలం పట్టవలసి వచ్చింది.

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. మొదట గుడివాడలో, తర్వాత మచిలీపట్నంలో. ట్రంకు కాల్ కోసం జనం గంటలు గంటలు పడిగాపులు పడే కాలమది. తీగ కలిపాక అటు మనిషి పలికేలోగా ఒక్క క్షణం ఖాళీ ఉంటుంది చూడండి, ఆ ఖాళీలో ఊళ్లు ఊళ్లే వినిపించేవట ఆమెకు. "పామర్రు నుంచి కాలొస్తే ముందు బస్సు హారను పలికేది అన్నయ్యా, తర్వాతే మనిషి. మోపిదేవి అయితే వెనకాల గంట. దివిసీమ లోపలి నుంచి అయితే మాత్రం ఏమీ ఉండేది కాదు, ఒట్టి గాలి. ఆ గాలి వింటే నాకు నిద్రొచ్చేది" అనేవారు. నిత్యం ఆ చెవిగొట్టం తగిలించుకుని కూర్చున్న ఆమెకు కృష్ణా డెల్టా యావత్తూ ఒక పెద్ద స్వప్నంలాగా, ముఖాలు లేని కంఠస్వరాల స్వప్నంలాగా పరిచయమైంది. బందరులో ఫోనున్న ప్రతి ఇంటివారికీ ఆమె గొంతు తెలుసు. ఆమె ముఖం మాత్రం పది మందికి కూడా తెలియదు.

అందుకే బదిలీ మీద కొత్తగా ఈ ఊరొచ్చే ఉద్యోగస్థులకు ఎవరో ఒకరు చెప్పేవారు: "ఏ పేటలో దిగాలో టెలిఫోన్ మాణిక్యాంబ గారినడగండి." ఆమె పద్ధతి చూసినవాళ్లు మొదట కంగారుపడేవారు. సాయంత్రం పూట వాళ్లను ఒక వీధికి తీసుకెళ్లి, ఎవరివో మెట్ల మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమనేవారు. దీపాలు పెట్టే వేళ నుంచి అన్నాల వేళ దాకా అంతే. పరాసుపేట వైపు నుంచి నమాజు పిలుపు, ఎవరింట్లోనో ఎక్కాలు చదివే గొంతు, కుక్కరు కూత, స్టేషనులో ఆగిపోయిన రైలు నిట్టూర్పు, వాటన్నిటి అడుగున బావిలో నీళ్లలాగా కదిలే మనుషుల మాట. "గోడల్ని సున్నం కొట్టి మార్చుకోవచ్చు. వీధి గొంతు మారదు" అనేవారామె. గుడివాడ నుంచి వచ్చిన ఒక ఉద్యోగి, "ఇదంతా సరే గానండీ, ఏ ఏరియా డెవలప్ అవుతుందో చెప్పండి" అని విసుక్కుంటే, "కాపరం పెడతారా నాయనా, కొట్టు పెడతారా?" అని అడిగారు, కళ్లు తెరవకుండానే.

హుస్సేన్ గారని ఒక కాలేజీ లెక్చరరు. భార్యాబిడ్డలతో బదిలీ మీద వచ్చారు. వెళ్లిన ప్రతి ఇంటివాళ్లూ "మా అబ్బాయి వస్తున్నాడండీ, పోర్షన్ వాడికే" అని ఎంతో మర్యాదగా తలుపు వేసేశారు. ఆ మర్యాద నాకు తెలుసు, దానికి చెప్పు దెబ్బకంటే చురుకెక్కువ. ఇప్పుడైతే ఆ మర్యాద కూడా లేదు, బోర్డు మీదే అచ్చేస్తున్నారు, ఫలానావారికే అద్దెకిస్తామని! మాణిక్యాంబ గారు హుస్సేన్ గారిని వెంటబెట్టుకుని అలా అన్న ఒక ఇంటికి తిరిగి వెళ్లారు. ఆ ఇంటాయనకు ముగ్గురూ ఆడపిల్లలే. "అన్నయ్యగారూ, మీకు అబ్బాయి పుట్టాడట, నాకు కబురే లేదు! బారసాలకైనా పిలుస్తారా?" అన్నారు. లోపల నుంచి ఆయన భార్య పకపకా నవ్వింది. ఆ నవ్వు విని మాణిక్యాంబ గారు హుస్సేన్ గారితో మెల్లగా, "ఇల్లు దొరికిందండీ. ఆవిడ గొంతులో చోటుంది" అన్నారు. హుస్సేన్ గారు రిటైరయ్యేదాకా ఆ పోర్షన్లోనే ఉన్నారు.

ఇన్ని చెప్పి, ఆమె చేసిన పొరపాటు చెప్పకపోతే అది స్తోత్రమవుతుంది గాని స్మరణ కాదు. ఆ పొరపాటు మా ఇల్లే.

నేను నాగాయలంక దగ్గర పల్లె నుంచి బందరు అచ్చాఫీసులో పనికి వచ్చాను. నా భార్య సుగుణకు పల్లె వదలడం ఇష్టం లేదు. మా ఇద్దరాడపిల్లలకు పెద్ద చదువులు చెప్పించాలన్న ఒక్క పట్టుదలతో తీసుకొచ్చాను. మాణిక్యాంబ గారు మమ్మల్ని ఒక వీధిలో కూర్చోబెట్టారు. ఆ వీధి పేరు రాయను, ఇప్పుడది నా వీధి. ఆ సాయంత్రం వీధి పొడుగునా పిలుపులే. "బావా, భోంచేశావా?" "వదినా, కరివేపాకుందా?" "మావయ్యా, కాస్త ఆగు, నేనూ వస్తున్నా!" మాణిక్యాంబ గారి ముఖం వెలిగిపోయింది. "ఎంత చల్లటి వీధో చూశారా! ఇక్కడ దిగండి, కళ్లు మూసుకుని దిగండి" అన్నారు.

మనవైపు పాలబ్బాయి కూడా మావయ్యా అంటాడు, బస్సులో పక్క సీటువాడు కూడా బావా అంటాడు. ఆమె అదే అనుకున్నారు. కాని ఆ వీధిలో అవన్నీ నిజం వరసలు. ఆ కొస నుంచి ఈ కొసకు ఒకటే వంశం, దాని వియ్యాలవారు. మేము దిగాక మమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాటనలేదు. "ఏవండీ" అనేవారు, అంతే. ఎదురింటి కోటేశ్వరమ్మ గారు నా భార్యను "ఏవండీ, మీ నీళ్లు మా గుమ్మంలోకి వస్తున్నాయండీ" అంటే, పిలుపూ దూరమూ ఒక్కసారే వినిపించేవి. వీధంతా వరసలతో అల్లిన చాపలాగా ఉంటే, మేము దాని మీద రాలిన చెత్తపుల్లలాగా ఉన్నాం. వానాకాలం వచ్చేసరికి సుగుణ సామాను కట్టింది. "పిల్లల్ని తీసుకుని మా ఊరెళ్లిపోతానండీ. ఇక్కడ నన్ను పిలిచేవాళ్లు లేరు" అంది. అదే జరిగితే పిల్లల చదువు అక్కడితో సరి.

ఈ సంగతి తెలిసి మాణిక్యాంబ గారు వేరే పేటలో ఇల్లు చూపిస్తారనుకున్నాను. ఆమె మాత్రం "తప్పు విన్నాను" అన్నారు. మర్నాడు తమ ఇంట్లో ఆ మాటే చెప్పారట. ఆమె భర్త, కోర్టులో గుమాస్తా, మితభాషి. "అయితే ఏం చేద్దామంటావ్?" "మనం ఆ వీధికి మారదాం." ఆయన పేపరు మడిచి, "నా కుర్చీ ఎక్కడేస్తావో అది చెప్పు" అన్నారట. ఆ దంపతులు బంగారంలాంటి సొంత వాటా వదులుకుని మా పక్క పోర్షన్లో అద్దెకు దిగారు. ఇళ్లు చూపించేవాళ్లు ఎవరైనా చేస్తారా ఈ పని? ఆ సందేశం రాసిన మహానుభావుడు చెప్పాలి!

దిగిన రోజు ఉదయమే వీధి మధ్య నిలబడి, ట్రంకు లైన్లో పలికే గొంతుతో పిలిచారు. "అన్నయ్యా! కూరలబండి వచ్చింది, రావా? వదినా, సంచీ తే!" వీధి వీధంతా తలుపుల్లోకి వచ్చింది. ఆ గొంతు అందరికీ తెలుసు. నేను సిగ్గుతో, "మీరు అలా..." అనబోతే, "నోర్మూసుకో అన్నయ్యా, మీరంటే వరస నిలబడదు" అని గొణిగారు. కోటేశ్వరమ్మ గారిని కూడా మొదటి రోజు నుంచే వదినా అన్నారు. ఆమె మొహమాటానికి వదినా అని బదులిచ్చారు. ఇక ఆ ముడి తనంత తానే బిగిసింది. మాణిక్యం తనకు వదినైతే, మాణిక్యం వాళ్లన్నయ్య తనకు బావగారు కావాలి, అతని భార్య అక్క కావాలి. కావాలి సరే, నోరు రావద్దూ?

ఎండాకాలం నోరొచ్చింది. సుగుణ డాబా మీద వడియాలు పెట్టి కింద కునుకు తీస్తోంది. దివిసీమ వైపు నుంచి నల్లటి మబ్బొకటి చప్పుడు లేకుండా వచ్చేసింది. ఎదురు డాబా మీంచి కోటేశ్వరమ్మ గారి కేక: "సుగుణక్కా! ఓ అక్కా! వడియాలు తడిసిపోతున్నాయ్, తియ్యవే తల్లీ!" ఏవండీ అనడానికి ఆ వాన వ్యవధి ఇవ్వలేదు. సుగుణ పైకి పరుగెత్తి, వడియాల సంగతి మరిచిపోయి, వానలో నిలబడి ఎదురింటి వైపు చూస్తూ ఉండిపోయింది. వడియాలన్నీ పాడైపోయాయి. ఆ రాత్రి మాకు పండగ భోజనం. వానాకాలంలో కట్టి మూలన ఉంచిన సామాను మర్నాడు సుగుణే విప్పింది. పిల్లలిద్దరూ ఈ వీధి నుంచే కాలేజీకి వెళ్లారు. సుగుణ కన్నుమూసినప్పుడు ఈ వీధిలో ఎన్ని గొంతులు అక్కా అని ఏడ్చాయో నేను విన్నాను.

మాణిక్యాంబ గారి భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. మొన్న అంతిమయాత్రకు ఆమె మేనల్లుడు విజయవాడ నుంచి వచ్చాడు. మంచి కుర్రాడు. పాడె దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "మీరు అత్తయ్యకు ఏమవుతారండీ?" అని అడిగాడు. కోటేశ్వరమ్మ గారు ముక్కు చీదుకుని, "వాళ్లన్నయ్య నాయనా. నీకు పెదనాన్న" అన్నారు. తన తండ్రికి అన్నలెవరూ లేరని ఆ కుర్రాడికి తెలియదా? వీధి వైపు చూశాడు. ఎవరూ నవ్వలేదు.

దింపుడుకళ్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే అయినవాళ్ల పిలుపుకు తిరిగొస్తుందని, చెవిలో మూడుసార్లు పిలవడం మన ఆచారం. మేనల్లుడు పక్కకు జరిగి, "పెదనాన్నా, మీరు పిలవండి" అన్నాడు. వంగాను. డెల్టా అంతటి చప్పుడునూ పట్టుకున్న ఆ చెవి చల్లగా ఉంది. "మాణిక్యం" అన్నాను. గాలి సముద్రం మీంచే వస్తోంది, అప్పుడు నాక్కూడా వినిపించింది. "మాణిక్యం. అమ్మా, మాణిక్యం." తీగ కలిశాక అటు మనిషి పలికేలోగా ఉండే ఖాళీ అన్నారే, ఆ ఖాళీలోనే నిలబడిపోయాను. ఎవరో వచ్చి భుజం పట్టుకుని లేవదీశారు.

ఇప్పుడు నాకు ఫోన్లు వస్తున్నాయి, ఏ పేటలో దిగితే మంచిదో చెప్పమని. నాకేం తెలుసు? ఊరంతటినీ విన్నది ఆమె. నేను ఆమె తప్పు విన్న ఒక్క వీధిలో జీవితమంతా హాయిగా కాపరం చేసినవాణ్ణి. సాయంత్రం ఆ మెట్ల మీదే కూర్చుని కళ్లు మూసుకుంటున్నాను. నమాజు పిలుపు, ఎక్కాలు, కుక్కరు, రైలు అన్నీ వేళకు వస్తున్నాయి. బావగారూ అనేవాళ్లున్నారు, మావయ్యా అనేవాళ్లున్నారు, తాతయ్యా అనేవాళ్లున్నారు. తల్లీ, ఇందరిని నాకిచ్చి వెళ్లావు. అన్నయ్యా అనే గొంతు మాత్రం ఈ వీధిలో ఒక్కటే ఉండేది.