కదలని కొండ

అమెరికాలో, హెర్న్‌డన్ ఆఫీసులో నా పని, శాటిలైట్లు తీసిన అంటార్కిటికా ఫొటోల నుంచి మ్యాపులు తయారుచెయ్యడం. అంతా మంచే ఉన్న ఆ ఫొటోల్లో ఎక్కడైనా చిన్న నల్లచుక్క తగిలితే, కెమెరా లోపం అనుకుని చెరిపేసే ప్రోగ్రామ్ ఒకటి రాశాను. మ్యాపు కడిగిన పళ్లెంలా తేలింది. టీమ్ మీటింగ్‌లో చూపించి నాలో నేనే మురిసిపోయాను కూడా.

మర్నాడు పొద్దున్నే, మా టీమ్‌లోని భూగర్భ శాస్త్రవేత్త నా డెస్క్ దగ్గరికి వచ్చాడు. డెబ్బై దాటిన అమెరికన్. ఎవరితోనూ పెద్దగా మాట్లాడే మనిషి కాడు.

"ఇక్కడ ఒక కొండ ఉండాలి. ఏమైంది?" అన్నాడు.

నేను తుడిచేసిన చుక్కల్లో ఒకటి కొండట. మైళ్ల కొద్దీ పరుచుకున్న మంచులోంచి కొన మాత్రం బయటికి వచ్చిన రాతి శిఖరం. చుట్టుపక్కల ఎటు చూసినా ఇంకో రాయి లేదు. అలాంటివాటిని నునాటక్ అంటారని ఆయనే చెప్పాడు.

"రాళ్ల శాంపిల్స్ కోసం మా తమ్ముడూ నేనూ వెళ్లాం. దాని కిందే మంచు పగుల్లో పడిపోయాడు. నలభై ఏళ్లయింది. మనిషి దొరకలేదు."

సమాధి లేదు కాబట్టి ఏటా ఆ తేదీన కొత్త మ్యాపు తెరిచి, ఆ కొండను కాసేపు చూసుకుంటాడట. మనకు తద్దినం ఎలాగో ఆయనకు అది. సరిగ్గా ఆ రోజే ఆ తేదీ.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. అరగంటలో కొండను మళ్లీ మ్యాపులో పెట్టేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. తప్పు చేసినవాడికి లేని మంచితనం పుట్టుకొస్తుంది కదా, నాకూ పుట్టింది. అక్కడి మంచు ఒకచోట ఉండదు, మెల్లగా సముద్రం వైపు జరుగుతుంటుంది. ఏడాదికి ఎంత జరుగుతుందో మా డేటాలోనే ఉంది. నలభై ఏళ్లకు లెక్క కట్టి, కొండకు బాగా దూరంగా ఒక ఎర్ర గుర్తు పెట్టి, ఆయన్ని పిలిచాను.

"మీ తమ్ముడు ఇప్పుడు ఇక్కడ ఉండాలి," అన్నాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

ఆయన ఆ గుర్తు వంక చాలాసేపు చూశాడు. పుండు మీద కారం చల్లానని నాకు అప్పటికి గాని తెలియలేదు.

"ఆ లెక్క నేనూ ఏటా కడతాను. సరిగ్గానే పెట్టావు," అన్నాడు.

పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నా చేతిలోంచి మౌస్ తీసుకుని ఎర్ర గుర్తును తానే తీసేశాడు. తర్వాత కొండ స్క్రీన్ నిండా వచ్చేదాకా జూమ్ చేసి, ఒక అంచు మీద వేలు పెట్టాడు.

"వాడి నడుముకు కట్టిన తాడు రెండో కొస నా చేతిలో ఉండింది. నేను నిలబడింది ఇక్కడ."