వెన్నునీటిలో నల్లచుక్క

పరిశోధనలో చేరిన రెండో ఏడు, సికింద్రాబాద్‌లోని ఒక ఆసుపత్రి నుంచి వెన్నునీటిని, అంటే వెన్నులోంచి సూదితో తీసే ద్రవాన్ని, ఐసు డబ్బాలో పెట్టుకుని మా ల్యాబుకు తెచ్చేదాన్ని. వైద్యులు పరీక్షలకని తీసినదాంట్లో మిగిలిన కాస్త, రోగి ఒప్పుకుంటేనే, మాకిచ్చేవారు. మెదడులో గడ్డ ఉంటే దాని జాడ చెప్పే ప్రోటీన్ ఆ నీటిలో ఏదైనా ఉందేమో వెతకడం నా పని.

ప్రోటీన్లను పలుచని జెల్ పలక మీద విడగొట్టి వెండి ద్రావణంలో నానబెడితే ఒక్కోటీ ఒక్కో నల్లచుక్కగా తేలుతుంది. ఒక మధ్యాహ్నం రెండు పలకలు లైటు మీద పక్కపక్కన పెట్టాను. ఒకటి రెజిమెంటల్ బజార్‌లో బట్టలు కుట్టే ఒకాయనది. ఆయనకు గడ్డ ఉంది. రెండోది గడ్డ లేని మనిషిది. దర్జీ పలకలో కుడి అంచున ఆవగింజంత చుక్క! రెండోదాంట్లో అక్కడ ఖాళీ. పాత పలకలన్నీ తీశాను. గడ్డ ఉన్న ప్రతివారిలోనూ ఉంది. అన్నం డబ్బా విప్పకుండానే వరండాలో పరిగెత్తి మా గైడు గారిని లాక్కొచ్చాను.

ఆయన భూతద్దంతో చాలాసేపు చూశారు. కొత్త నమూనాల మీద పేర్లు తీసేసి అంకెలు వేసిస్తానన్నారు.

"ఏవి గడ్డవాళ్లవో నువ్వు చెప్పు. అప్పుడు నమ్ముతాను."

నెల పట్టింది. ఎనిమిదింట్లో ఏడు సరిగ్గా చెప్పాను. ఎనిమిదో మనిషికి గడ్డ లేదు, చుక్క మాత్రం ఉంది. నోట్‌బుక్ తిరగేస్తే ఆ సీసా గురించి "లేత గులాబి" అని నా రాతే ఉంది. సూది గుచ్చినప్పుడు రక్తం కలిసిందన్నమాట. మరి నేను పట్టుకున్నది రక్తంలోని ప్రోటీనేనా? నా చేతి నుంచే రక్తం తీయించుకుని, దర్జీ నమూనాతో కలిపి ఒకే జెల్ పలక మీద విడగొట్టాను. వెండినీళ్లలో పలక నల్లబడుతుంటే పక్కనే నిలబడి చూశాను. చుక్కలు రెండు తేలాయి, ఒకదాని కింద ఒకటి, వేరువేరుగా. రక్తానిది వేరు, గడ్డది వేరు.

మర్నాడే దర్జీ దుకాణానికి వెళ్లాను. ఆపరేషనయ్యి, తలకు టోపీ పెట్టుకుని కుడుతున్నాడు. ఇది ఆయన జబ్బుకు మందు కాదని ముందే చెప్పి, తర్వాత చుక్క సంగతి చెప్పాను. మిషను ఆపి విన్నాడు.

"మంచిగైంది మేడం. దానికి నా పేరు పెడ్తరా?"

అంకె మాత్రమే వేస్తామంటే నవ్వాడు.

తర్వాత మెదడువాపు వచ్చిన కొందరిలోనూ ఆ చుక్క కనిపించింది. అదొక్కటే చూసి గడ్డ ఉందని చెప్పలేమని తేలింది. మా వ్యాసంలో మరికొన్ని ప్రోటీన్ల మధ్య, పట్టికలో ఒక వరుసగా మిగిలింది. అయినా అది అచ్చయిన రోజు తిరుమలగిరి బస్టాపులో నిలబడి ఆ వరుసనే మళ్లీ మళ్లీ చదువుతూ రెండు బస్సులు వదిలేశాను.