రాగం మెయిల్లో ఉంది

ఇది ఒక మహాసంగ్రామం కథ. ఇందులో ఒక పక్షి ఉంది, నెత్తిన ఎర్రదీపం వెలిగే రాక్షసుడున్నాడు, ఆమదాలవలస మీదికి దండయాత్రలున్నాయి, చాపల మీద కూర్చుని విజయం కోసం ఎదురుచూసిన ఆడవాళ్ళ సైన్యం ఉంది. ఇలా మొదలుపెడితే నలుగురు చదువుతారని పెట్టాను. నిజానికి జరిగిందేమిటంటే, మా కంప్యూటరుకు నెట్టు రాలేదు.

పక్షి అంటే పెంగ్విన్, లినక్సు గుర్తు. విజయనగరంలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనత్త కొడుకు సెలవులకు వచ్చి, మా ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్లో విండోసు తీసేసి దాన్ని ఎక్కించాడు. నేను వద్దనలేదు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నవాడు దేన్నీ వద్దనడు.

"ఒరే, ఇంక నీకు వైరస్ అన్నది రాదు," అని భుజం తట్టి బస్సెక్కి పోయాడు బావ.

నిజమే. రాలేదు. నెట్టు కూడా రాలేదు.

మామూలు రోజుల్లో అయితే ఎవరికీ పట్టేది కాదు. కానీ వచ్చే ఆదివారం మా చర్చిలో కోత పండుగ. స్త్రీల సమాజం పాటల బృందానికి మా అమ్మ పెద్ద. వాళ్ళు ఏటా ఒకే పాట పాడతారు. వాళ్ళు లేచి నిలబడగానే వెనక బెంచీల్లో డ్రమ్ములు పెట్టుకుని కూర్చున్న కుర్రకారు మొదటి చరణం ముందే గొణిగేసి నవ్వుకుంటారు. పోయినేడు అమ్మ ఆ నవ్వు విన్నది. అందుకని ఈసారి తానే కొత్త పాట రాసింది. రాయగడలో ఉండే మా మావ దానికి కీబోర్డు మీద బాణీ కట్టి, రికార్డు చేసి మెయిల్ పెట్టాడు. మాటలు మా హాల్లో ఉన్నాయి, రాగం మెయిల్లో ఉంది. రోజూ సాయంత్రం బృందమంతా వచ్చి, మాటలు చూసుకుని, టీ తాగి వెళ్ళిపోయేవారు.

మాకు నెట్టంటే డాంగిల్. సిమ్ము వేసి కంప్యూటరుకు గుచ్చే బొటనవేలంత వస్తువు. గుచ్చగానే లినక్సు దాన్ని ఒక సీడీ అనుకుంది. మర్యాదగా తెరిచి చూపించింది. లోపల విండోసులో మాత్రమే నడిచే ప్రోగ్రాము ఒకటుంది. బావకు ఫోన్ చేశాను.

"అది నెట్టిచ్చే మోడెమ్మని దానికి తెలీలేదురా. తెలియజెప్పడానికి ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఉన్నాది. నెట్లోంచి దింపీ."

"నెట్టు రావట్లేదనే గదా బావా నీకు ఫోన్ చేసింది?"

"అదేరా. దింపితే వస్తాది."

ఫోను పెట్టేసి కాసేపు గోడకేసి చూశాను. గోడ నయం, సలహా ఇవ్వలేదు.

ఆమదాలవలసలో స్టేషను పక్కన నెట్ సెంటరు. అక్కడి కీబోర్డు మీద అంతకుముందు ఎవరో మిక్చరు తిన్నారు, దానికి ముందు ఇంకెవరో బెల్లం జీళ్ళు తిన్నారు. ఒక్కో అక్షరం నొక్కితే వేలితో పాటు పైకి లేచేది. ఆ జిగురులో తడుముకుంటూ ప్యాకేజీ పెన్‌డ్రైవులోకి దింపి ఇంటికి తెచ్చాను. ఎక్కించబోతే, తాను ఎక్కాలంటే ముందు ఇంకొకటి ఎక్కాలంది. మళ్ళీ ఆమదాలవలస. ఆ ఇంకొకటికి వేరొకటి కావాలట. పెళ్ళికి పిలిస్తే తోడికోడలు వస్తేగానీ రాననే రకం.

నా బాధే పడిన ఒకాయన ఇంటర్నెట్‌లో దొరికాడు. అదే డాంగిలు, అదే జబ్బు. ప్రాణం లేచి వచ్చింది. కిందికి పోతే ఆయనే రాసుకున్నాడు: "సమస్య తీరిపోయింది, అందరికీ థాంక్స్." ఎలా తీరిందో రాయలేదు. ఆ మనిషి ఎవరో, ఏ దేశమో తెలీదు. ఇవాళ్టికీ తలుచుకుంటే నోరు చేదెక్కుతుంది.

చివరికి అన్ని ప్యాకేజీలూ ఎక్కాక లినక్సు దాన్ని మోడెమ్మని ఒప్పుకుంది. కనెక్ట్ అవుతున్నానంటూ ఓ చక్రం గిరగిరా తిప్పింది. తిప్పి తిప్పి వదిలేసింది. డాంగిల్ మీద ఎర్రలైటు వెలిగింది. సిగ్నల్ లేదేమో అనుకున్నాను. కంప్యూటరు టేబులు హాల్లో లోపలి మూలన, నాన్న పాత పొందూరు పంచె నేలదాకా కప్పుకుని, పెద్దమనిషిలా ఉంటుంది. కిటికీ చూస్తే అవతలి గోడకుంది. అందుకని పొడుగాటి యూఎస్‌బీ వైరు కొని, డాంగిల్‌ను కిటికీ ఊచల దాకా లాగాను. స్టీలు జల్లెడలో పెడితే సిగ్నల్ పెరుగుతుందని ఎక్కడో చదివి, టీ వడపోసే జల్లెడ తెచ్చి కట్టాను.

సాయంత్రం బృందం వచ్చింది.

"ఓలమ్మ, కిటికీకి ఆ జల్లెడేటి?"

"మావోడు నెట్టు పడతన్నాడే," అంది అమ్మ.

"సేపలైతే ఈపాటికి పులుసు అయిపోను," అంది వెనకనుంచి ఒకావిడ.

ఆ వారమంతా అందరం వడపోయని టీ తాగాం. పాట లేదు, పళ్ళ సందున మాత్రం టీపొడి ఉంది.

శనివారం వచ్చేసింది. ఎర్రలైటు ఆరలేదు. బావ ఫోన్లో ఇంకో ప్యాకేజీ పేరు చెప్పాడు. బృందమంతా చాపల మీద కూర్చుని ఉండగా పెన్‌డ్రైవు జేబులో వేసుకుని గుమ్మం దాటబోయాను.

"మళ్ళీ ఎక్కడికిరా?" అంది అమ్మ.

"నెట్ సెంటరుకి. ఇంకో ఫైలు దింపాల."

"అక్కడ నెట్టు వస్తాదా?"

"నెట్ సెంటరమ్మా అది. రాకపోతే ఎలా?"

"నీ జేబులో ఆ పుల్ల ఉన్నాది సూడు. అందులో పాట పడతాదా?"

జేబులోంచి పెన్‌డ్రైవు తీసి చూశాను. అమ్మ అనాల్సినవన్నీ చాపల మీదివాళ్ళు అన్నారు.

"ఇన్నాళ్ళూ నెట్టున్న కాడికెళ్ళి నెట్టు తెస్తన్నాడేటి వదినా ఈడు?"

"సదువుకున్నోడే పిన్నీ. ఊరికే అనీకు."

పాట తెచ్చాను. పెంగ్విన్ ఏ అభ్యంతరమూ చెప్పకుండా వినిపించింది. ఉన్న ఒక్క సాయంత్రంలో నేర్చుకోగలిగినంత నేర్చుకున్నారు. మర్నాడు చర్చిలో పాట మధ్యలో కరెంటు పోయి మైకు ఆగింది, వాళ్ళు ఆగలేదు. సగంమంది ఒక పాదం ముందున్నారు, సగంమంది వెనకున్నారు. ఎవరూ కంటతడి పెట్టలేదు. వెనక బెంచీల్లో ఎవరూ గొణగలేదు కూడా, ఎందుకంటే ఎవరికీ పాట రాదు. అమ్మకు కావాల్సింది అంతే. దారంతా కూనిరాగం తీస్తూ ఇంటికొచ్చింది.

సోమవారం పొద్దున్న కూడా అదే రాగం తీస్తూ హాలు ఊడుస్తోంది. మూలకు వచ్చేసరికి పంచె పైకి దోపి, టేబుల్ని ఒక చేత్తో కిటికీ దాకా నెట్టేసి, దాని కింద చీపురు పెట్టింది.

"అదెలా జరిగిందమ్మా?"

"ఎప్పుడూ ఇలాగే జరిపి ఊడుస్తానురా. నువ్వెప్పుడు సూసినావు?"

వైరు పీకేసి డాంగిల్‌ను నేరుగా కంప్యూటరుకు గుచ్చాను. ఎర్రలైటు పోయి నీలం లైటు వచ్చింది, నెట్టూ వచ్చింది. మూలన సిగ్నల్ అందదు. చవక యూఎస్‌బీ వైరు పొడుగైతే డాంగిల్‌కు చాలినంత కరెంటు అందదు. కంప్యూటరు టేబులుకు కింద చక్రాలుంటాయి.