గుర్రం లేని సవారీ

ఆ రోజుల్లో మనిషి ఒంటిని చూసి ఇంటిని అంచనా వేసేవారు. మా ముత్తాత కొన్ని ఊళ్ళకు దేశ్‌ముఖ్. ఆయన గుర్రమెక్కి బయలుదేరితే ముందొక మనిషి పరుగెత్తుతూ జనాన్ని పక్కకు తప్పించేవాడట. తాత కాలానికి ఊళ్ళు పోయి సికింద్రాబాద్‌లో మేడ మిగిలింది. నాన్న కాలానికి మేడ కూడా పోయి రాంగోపాల్‌పేట్‌లో కిరాయి గదులు, ముత్తాత షేర్వాణీ, ఒక మర్యాద మిగిలాయి. దసరానాడు మా బస్తీలో జమ్మి మొదటి ఆకు తుంచేది మా ఇంటి పెద్దకొడుకే, అదీ ఆ షేర్వాణీ తొడుక్కుని. (బస్తీవాళ్ళు మంచితనంకొద్దీ సాగనిచ్చారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పట్లో అది మా హక్కు.)

నేను పదో తరగతిలో ఉండగా నాన్న మోకాళ్ళ నొప్పితో "ఇగ నీ వంతురా" అన్నాడు. వానాకాలంలోనే షేర్వాణీ తొడిగి చూశారు. బొజ్జ దగ్గర గుండీకీ కాజాకీ మధ్య జానెడు దూరం. ఊపిరి బిగబట్టి లాగితే గుండీ ఊడి నానమ్మ తమలపాకుల పళ్ళెంలో పడింది. ఆమె నిబ్బరంగా దాన్ని తీసి, "షేర్వాణీ చిన్నగైంది" అని తీర్పు చెప్పింది. చిన్నాయన మాత్రం, "అమ్మా, షేర్వాణీ గట్లనే ఉన్నది, పిలగాడే పెద్దగైండు. ఈ ఏడు మావోడు తొడుక్కుంటడు తియ్యి" అన్నాడు. చిన్నాయన కొడుకుని మేం అగర్‌బత్తి అనేవాళ్ళం. వాడు షేర్వాణీలో దూరితే ఇంకొకడికి చోటుంటుంది. దర్జీతో వదులు చేయిద్దామంటే పెద్దల బట్టకు కత్తెర తగలనివ్వనని నానమ్మ పట్టుబట్టింది. అంటే తగ్గవలసింది నేనే. తగ్గకపోతే మొదటి ఆకు అగర్‌బత్తిది.

వంశగౌరవం కోసం అన్నం మానేశాను. పొద్దున నిమ్మకాయ నీళ్ళు, రాత్రి మళ్ళీ అవే. (మధ్యలో ఇరానీ హోటల్ సమోసాలను భోజనం కింద లెక్కవేయలేదు. అవి నిలబడి తినేవి కదా.) వారం తిరక్కుండా వీధి నల్లా దగ్గర కళ్ళు తిరిగి బిందెల మీద పడ్డాను. లేపింది పక్కవాటా టీచరమ్మ. గుంటూరు వైపు మనిషి, ఆదివారం చర్చి, మిగతా రోజులు మిషన్ బడి. నన్ను రెక్క పట్టుకుని తీసుకొచ్చి నానమ్మ ముందు కూర్చోబెట్టింది.

"ఏంటి మామ్మగారూ, ఎదిగే పిల్లాణ్ణి పస్తులుంచుతారా? అన్నం, పప్పు, కూర, మజ్జిగ శుభ్రంగా పెట్టండి. ఆ సమోసాలూ బిస్కెట్లూ మాన్పించండి. పొద్దున్నే నాతోపాటు పరేడ్ మైదానం దాకా నడవమనండి. నిదానంగా బొజ్జ అదే తగ్గుతుంది."

నానమ్మ ముఖం గంటుపెట్టుకుంది. "మా ఇంట్ల మగోళ్ళు నడ్వరు."

"మరెలా వెళ్ళేవారండీ?"

"సవారీ."

"అయితే దీన్నీ సవారీయే అనుకోండి. ఏం పోయింది?"

ఆ మాట నానమ్మకు నచ్చింది. మరుసటి పొద్దుట్నుంచి ముత్తాత చేతికర్ర పట్టుకుని, నడుము నిటారుగా పెట్టి, టీచరమ్మ వెనక బయలుదేరాను. ఆమె చెప్పులు టపటపమంటూ ముందు పోయేవి, నేను గౌరవప్రదంగా రొప్పుతూ వెనక. ఇంటికొచ్చాక ఆకలి ఎంత నిజాయితీగా వేసేదో! కడుపునిండా తిన్నా, రోజులు గడిచేకొద్దీ లాగుకు తాడు అవసరమైంది. ఎవరడిగినా నానమ్మ కిటికీలోంచే, "మా బాబు సవారీకి పోయిండు" అని చెప్పేది. అబద్ధమనలేం. వివరం తక్కువైందంతే.

దసరానాడు షేర్వాణీ తొడిగారు. కింది నుంచి ఒక్కో గుండీ పట్టింది. మెడ దగ్గరిది మాత్రం పట్టలేదు. దాన్ని కండువాతో కప్పి, "ఐపోయింది" అన్నది నానమ్మ. చిన్నాయన అగర్‌బత్తి భుజమ్మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు. సరిగ్గా అప్పుడే వాకిట్లో పాలాయన, వెనక సగం బస్తీ. పాలాయన ఒక చేతిలో బంతిపూల దండ, ఇంకో చేతిలో నానబెట్టిన ఉలవల గిన్నె.

"దొరసానీ, పండుగపూట గుర్రానికి పూజ చేద్దామని వచ్చినం. ఏడ గట్టేసిన్రు? రోజూ సవారీ సవారీ అంటిరి, గని మాకు ఒక్కనాడు సుత డెక్కల సప్పుడు ఇనబడలే!"

ఆకు సంగతి తర్వాత, ఇంటి పరువే పోయేటట్టుంది. నానమ్మ తొణకలేదు. దండ అందుకుని నా మెడలో వేసి, వీపు తట్టింది.

"సవారీ చేసినోడు గీడే, గుర్రం సుత గీడే. మంచిగ జూస్కోర్రి."

బస్తీ అంతా గొల్లున నవ్వింది. "గుర్రం మస్తున్నది దొరసానీ!" అన్నాడు పాలాయన. టీచరమ్మ ఉలవల గిన్నె లాక్కుని, "ఇలా ఇవ్వండి, ఉలవచారు పెడతాను" అంది. అందరూ నవ్వుతూనే నన్ను జమ్మిచెట్టు దాకా ముందు నడిపించారు. మొదటి ఆకు నేనే తుంచాను, నానమ్మ చేతిలో పెట్టాను.

ఇప్పటికీ పొద్దున్నే బయలుదేరతాను. ఎక్కడికని మా ఆవిడ అడిగితే సవారీకంటాను. వెనక ఉలవచారు మరుగుతున్న వాసన వస్తే మాత్రం గుర్రం తొందరగా ఇల్లు చేరుతుంది. ఈ ఒంటికి ఆ షేర్వాణీ మెడ గుండీతో సహా పడుతుందనుకుంటాను, కానీ చూసుకునే వీల్లేదు. నానమ్మ కాలం చేసిన ఏడాదే దాన్ని అమ్మేశాం, వెండి గుండీలు విడిగా, బట్ట విడిగా.