మా లైనంతా నమ్మిన మౌనవ్రతం

మొన్న మా మనవరాలు నా ఫోన్‌లో ఏదో కొత్త ఏర్పాటు పెట్టి, నేను తెలుగులో రాస్తే చాలు, అదే పైకి చదువుతుందని చెప్పింది. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు, కాబట్టి నేను కాగితం మీద రాసి చూపించే మాటలు ఇన్నాళ్లూ ఆమెకి పనికొచ్చేవి కావు. రాసి చూద్దును కదా, ఎవరో చక్కటి ఆడగొంతు, స్టేషన్‌లో బండి వేళలు చెప్పినంత స్పష్టంగా, నా కాఫీలో పంచదార తక్కువైందని ప్రకటించింది. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా నవ్వుకి చప్పుడు పోయి ముప్ఫై ఏళ్లు దాటిందనుకోండి. ఆ గొంతు విన్నాక ఎనభైల చివరి నాటి ఆ నలభై రోజులూ మళ్లీ మనసులో తిరగడం మొదలుపెట్టాయి.

మాది శ్రీకాకుళం వైపు నుంచి తాతల నాడే రైల్వే పనికొచ్చి బిలాస్‌పూర్‌లో పాతుకుపోయిన కుటుంబం. నేను గూడ్సు బండి గార్డుని. కోపిష్టివాణ్ణి కూడా, నేను డ్యూటీ దిగి ఇంట్లో అడుగుపెట్టానని మేమున్న క్వార్టర్ల లైనుకంతా నా గొంతే చెప్పేదని మా ఆవిడ ఎగతాళి చేసేది. అలాంటి గొంతులో పుండు లేచింది. బొంబాయిలో పెద్దాసుపత్రికి పంపితే లైనులో ఎవరికీ చెప్పకుండా వెళ్లాం, అక్కడ ప్రాణం కావాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు, తీసేశారు. ఆ తర్వాత నా ఊపిరి మెడ కింద పెట్టిన రంధ్రంలోంచి ఆడేది. మాట సరే, వేడి టీ ఊదుకోలేను, గార్డుకి చెయ్యీ కాలూ లాంటి ఈలని ఊదలేను. ఈల నోట్లో పెట్టుకుని ఎంత బిగబట్టినా గాలి మెడలోంచి బుస్సుమనడం చూసుకున్న రోజున, సిగ్గు విడిచి చెబుతున్నాను, గోడకేసి తిరిగి ఏడ్చాను.

మా ఆవిడ భయం వేరు. ఆ జబ్బు పేరెత్తితేనే అంటుకుంటుందని జనం జడిసే రోజులవి, మన వయసువాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. మా లైనులో ఏ పెళ్లికి పసుపు కొట్టినా తొలి రోకలి పోటు మా ఆవిడదే, ఆమెది చల్లని చెయ్యని పేరు. అంతకు రెండేళ్ల ముందు ఇదే లైనులో ఒకాయనకి క్షయ వస్తే, ఆయన భార్యని పేరంటాలకి పిలవడం మెల్లగా మానేశారు, అలా మానేసినవాళ్లలో మా ఆవిడా ఉంది. ఇప్పుడు తన వంతు వచ్చిందని ఆమెకి తెలుసు. అందుకే నేను మెడకి కండువా చుట్టుకుని రిక్షా దిగిన రోజున, పలకరించడానికి వచ్చినవాళ్లతో, ఈయన మొక్కు తీర్చుకుంటున్నారు, నలభై రోజులు మౌనవ్రతం అని తడుముకోకుండా చెప్పేసింది. నేను నిర్ఘాంతపోయాను. అరిచి కాదనడానికి నాకు గొంతేదీ?

ఇక చూడండి నా అవస్థ. మర్నాటి నుంచి ఆడవాళ్లు సపోటాలు, అరటిపళ్లు, పాలు తెచ్చి నా ముందు పెట్టి దణ్ణాలు పెట్టడం. లోపల నేనేమో మండిపోతున్నాను. దగ్గు వస్తే మెడ మీది కండువా ఎగిరిపడేది, అందుకని ఎవరైనా ఉండగా నాకు దగ్గు తెర వస్తే మా ఆవిడ గబుక్కున రేడియో పెంచేది. ఒకరోజు కోపం పట్టలేక గ్లాసు గోడకి కొట్టాను. ఆమె ముక్కలు ఏరుతూ, నలభై రోజులే కదండీ అంది. నలభై ఒకటో రోజు ఏమిటన్నది ఇద్దరమూ పైకి అనలేదు. పైగా ఎదురింటి మామ్మగారి మనవరాలి పెళ్లి కుదిరింది, పసుపు కొట్టడం సరిగ్గా ఆ వారంలోనే పడింది.

గాలి మింగి, తేనుపుగా పైకి తెచ్చి, దాన్ని మాటగా మలచమని ఆసుపత్రిలో నేర్పారు. నేను రోజూ పట్టాల పక్క కంచె దగ్గరికి పోయి, బొగ్గు వ్యాగన్లు వెళ్లేటప్పుడు ఆ చప్పుడు చాటున ఒక్క మాటే సాధన చేసేవాణ్ణి. వచ్చినవాళ్లని కూర్చోండి అనగలిగితే చాలు, ఆ పూటకి గండం గడుస్తుందని నా లెక్క. ముప్ఫై అయిదో రోజున ధైర్యం చేసి మా ఆవిడకి వినిపించాను. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది, చాలాసేపు కట్టలేదు. ఆ తర్వాత అయిదు రోజులూ నాకు అన్నం సహించలేదు.

నలభై ఒకటో రోజు పొద్దున్నే పదిమంది దాకా వచ్చారు, ముందు మామ్మగారు. నేను లేచి నిలబడ్డాను. నేను గాలి మింగేలోపే మామ్మగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వేటీ మాటాడక్కర్లేదు బాబూ. మొక్కు ఇంకో నలభై రోజులుంటే ఏటి, ఏడాదుంటే ఏటి, మాకేటి తొందర?"

నా మొండితనం నాది. కూర్చోండి అన్న మాట మూడు ముక్కలై, నాకే రోత పుట్టేలా బయటికొచ్చింది. ఒక్కరూ ఉలిక్కిపడలేదు. ఆ మాట కోసమే ఆగినట్టు అందరూ చాప మీద కూర్చున్నారు. మామ్మగారు మా ఆవిడకి బొట్టు పెట్టి, ఎల్లుండి తొలి పోటు నువ్వే వెయ్యాలమ్మా అని పిలిచింది. అప్పుడు మా ఆవిడ మామ్మగారి చేతులు పట్టుకుని ఏడ్చేసి, మీకెప్పుడు తెలిసిందని అడిగింది.

"నువ్వు మొక్కని సెప్పకముందే తెలుసు. బొంబాయి ఆస్పత్రి పాసు కాగితం ఆఫీసులో మా అల్లుడి బల్ల మీద నుంచే కదా ఎల్లింది. లైనందరికీ తెలుసు."

"మరి ఒక్క మాటైనా అన్లేదేటి మామ్మా?"

"నువ్వు సెప్పుకోలేదు. నానెలగ అడుగుతాను?"

రైల్వే కాలనీలో రహస్యం దాచామనుకున్న మా తెలివి అంతటిది. తెచ్చినవన్నీ నా గొంతు మింగగల మెత్తటి పళ్లేనని, ఒక్క జామకాయైనా లేదని నాకప్పుడు తట్టింది. మా ఆవిడ మాత్రం ఆ రోజే, క్షయ వచ్చినాయన భార్యని కూడా పసుపుకి పిలిస్తేనే రోకలి పట్టుకుంటానంది. మామ్మగారు సరేనని, బొట్టు భరిణె పట్టుకుని ఆ ఇంటి వైపు నడిచింది.

ఇప్పుడు ఊళ్లోనే నెహ్రూ నగర్‌లో ఉంటున్నాం. క్యాన్సరన్న ఆ జబ్బు పేరు ఇవాళ ఎవరూ దాచుకోనక్కర్లేదు. లిఫ్టులో కలిసినవాళ్లు నా మెడ చూసి సూటిగానే అడుగుతారు, ఫలానా డాక్టరు మంచివాడంటారు, తమ అంతస్తు రాగానే దిగిపోతారు. వాళ్లని తప్పుపట్టను, మా ఆవిడ పడ్డ భయం మరే ఆడదీ పడకూడదు. అయినా ఒక్కోసారి దిగులేస్తుంది. అన్నీ తెలిసి, నా కోసం నలభై రోజులు ఏమీ తెలియనట్టు నడుచుకున్న మనుషుల మధ్య బతికినవాణ్ణి, ఇవాళ నా గురించి నిజంగానే ఏమీ తెలియనివాళ్ల మధ్య ఉంటున్నాను.