బలం మాత్రలు

పామర్రు బస్సు పటమట దాటేలోగానే నేను మరచెంబు మూత మూడుసార్లు తిప్పి నీళ్లు తాగాను. దిగులు జబ్బుకని డాక్టరుగారిచ్చిన మాత్రలు వేసుకుంటూ మూడు వారాలైంది. దిగులు తగ్గిందో, దిగులుపడే తీరిక లేకుండా నిద్ర పట్టేస్తోందో తేలక, ఇక మానేద్దామని ఆ పొద్దునే అనుకున్నాను.

ఆడవాళ్ల సీట్లో నా పక్కన, ఒళ్లో బైబిలు పెట్టుకుని కూర్చున్న నడివయసావిడ అడిగింది. "నోరెండిపోతోందాండీ? ఏం మాత్రలు?"

"బలానికండి," అన్నాను.

"మా ఇంట్లో నేనూ బలానికనే చెప్పానండి," అని నవ్వింది. "ఇమిప్రమినా, అమిట్రిప్టిలినా?"

తడి నోటికే తిరగని పేర్లు. రెండోదని రెండు వేళ్లు చూపించాను.

"మొదటిది నాకు పడలేదండి. చెమటలు, చేతివణుకు. ఇప్పుడు మీదే వాడుతున్నా. నిద్రతోపాటు ఒళ్లూ వచ్చింది. జాకెట్లన్నీ కుట్లు విప్పించాను."

"మరి గుణం కనిపించిందాండీ?" నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"అంతకుముందు ఎవరేమన్నా పట్టేది కాదండి. నెల దాటాక ఓరోజు చారులో ఉప్పెక్కువైందని మా ఆయనంటే ఒళ్లు మండిపోయింది. కోపమొచ్చిందని వంటింట్లో కూర్చుని సంతోషంతో ఏడ్చాను."

కోపం మందు గుణమో, దుర్గుణమో నాకర్థం కాలేదు. అడిగేలోగా కంకిపాడు వచ్చి ఆవిడ దిగిపోయింది.

నేను మాత్రలు మానలేదు. నెల దాటాక కావాలనే చారులో ఉప్పు రెట్టింపు వేసి, మా ఆయన ఏమంటారా అని ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఒక్క మాటా అనకుండా, బెరుగ్గా నా ముఖంలోకి చూస్తూ, మళ్లీ వడ్డించుకున్నారు.