పెట్రోల్ లారీ విప్పిన వారం

సత్తుపల్లిలో రోడ్డు పక్కన లారీలు బాగుచేసే రేకుల షెడ్డు మా ఆయనది. దాని ముందు గదిలో స్పేర్ పార్టుల దుకాణం నాది. పెళ్లయిన పదేళ్లలో ఆ కౌంటర్ వెనక కూర్చునే పని నేర్చుకున్నాను. డ్రైవర్లు అరిగిపోయిన ముక్కేదో తెచ్చి బల్ల మీద పెడితే, అది ఏ బండిదో, ఎక్కడ బిగించేదో చెప్పేదాన్ని. అప్పుడప్పుడు షెడ్డులోంచి మా ఆయన, ఇదేందో చూడమని పిలిచేవాడు. వెళ్లి చూసి చెబితే, నలుగురిలో నన్ను మెచ్చుకునేవాడు. ఆయన నన్ను మెచ్చుకునేది ఆ ఒక్క విషయంలోనే. నా వంట గురించి ఎన్నడూ ఒక్క మాట అనలేదు.

రెండు వేల నాలుగో, అయిదో సంవత్సరం. వేసవి మొదలైంది. కల్లూరు వైపు పామాయిల్ తోటలున్న ఒక రైతు, వాళ్ల నాన్న ఎప్పుడో కొన్న పెట్రోల్ లారీని ట్రాక్టరుకు కట్టి మా షెడ్డుకు లాక్కొచ్చాడు. ఒకప్పుడు అడవిలోంచి వెదురు మోసిన బండి. ముసలాయన చూస్తుండగా ఒక్కసారి స్టార్ట్ చేయాలని అతని కోరిక. ఇంజిన్ బాగానే ఉంది. కార్బొరేటర్, డిస్ట్రిబ్యూటర్ మాత్రం ఎవరో విప్పి బిస్కెట్ల డబ్బాలో పోశారు. అందులో ఏదో జీపు ముక్కలు కూడా కలిసిపోయాయి.

మా దగ్గరికి వచ్చే లారీలన్నీ డీజిల్‌వి. వాటికి పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరూ ఉండదు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరూ ఉండదు. అయినా తెలియదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒక ఇత్తడి ముక్క తీసి, ఇది పంపు వాల్వు అన్నాను. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టాడు. రెండు రోజులు ఆ డబ్బా అట్లాగే ఉండిపోయింది.

అప్పుడు రైతుకు గుర్తొచ్చింది. ఆ లారీ నడిపిన డ్రైవర్ పోయాడు గానీ, అతని భార్య జూలూరుపాడు అవతల అడవి పల్లెలో ఉంది. భర్తతో పాటు ఏళ్ల తరబడి ఆ లారీలోనే తిరిగిందట. మర్నాడు పొద్దున ఆమెను మోటార్ సైకిల్ మీద తీసుకొచ్చాడు. అరవైకి దగ్గర పడిన మనిషి, సన్నగా, నల్లగా ఉంది. చేతిలో గుడ్డసంచి. కూలి పని మానుకుని వచ్చానని చెప్పింది.

ఆమె నేల మీద గోనెపట్టా పరిపించుకుని డబ్బా బోర్లించింది. కిరసనాయిల్ గిన్నెలో ఒక్కో ముక్కా కడిగి వరసగా పెట్టసాగింది. నేను పంపు వాల్వు అన్నది, పెట్రోల్ పోయే సన్న రంధ్రమున్న జెట్ అట. దాన్ని నోట్లో పెట్టుకుని ఊది, ఇంకోటి తీసి ఊది, రెంటినీ మా ఆయన ముందు పెట్టింది.

"గిది పెద్ద జెట్ తమ్మీ, బండి గుంజేటప్పుడు పెట్రోల్ ఇస్తది. గిది సన్నది, బండి నిలబడి ఇంజిన్ తిరిగేటప్పటిది."

పెట్రోల్ మట్టం చూసే ఇత్తడి బుడ్డిని చెవి దగ్గర ఊపి, లోపల చుక్క లేదు, చిల్లి పడలేదంది. జీపు ముక్కలను వేరే కుప్ప పోసింది. డిస్ట్రిబ్యూటర్ మూతను తడిమి, ఏ రంధ్రంలోంచి ఏ ప్లగ్గుకు వైరు పోతుందో వేలు పెట్టి చూపించింది. మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ.

మా ఆయన మడమల మీద కూర్చుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "చూసినవా? అక్క చెయ్యి పడితే ముక్కే మాట్లాడుతున్నది" అన్నాడు నాతో. పదేళ్లలో నా గురించి ఆ మాట అనలేదు. సాయంత్రం వచ్చిన ప్రతి డ్రైవర్‌కూ అదే చెప్పాడు. ఆమెకు చాయ్ ఆయనే పోసిచ్చాడు. నేను లోపల కూర్చుని బల్బుల అట్టపెట్టెలు సర్దినవే మళ్లీ సర్దుతున్నాను.

రాత్రికి ఆమె దగ్గర్లోనే ఉన్న చుట్టాలింటికి వెళ్లింది. షెడ్డు మూసేటప్పుడు గోనెపట్టా మీద రోటర్ కనబడింది. బొటనవేలంత నల్లటి ముక్క, పైన ఇత్తడి పట్టీ. మూత కింద గిర్రున తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకు వంతుల వారీగా కరెంటు పంచేది అదేనని ఆమె చెబుతుంటే విన్నాను. అది లేకపోతే ఇంజిన్ అంటుకోదు. దాన్ని తీసి ఖాళీ బల్బు పెట్టెలో వేసి పై అరలో పెట్టాను. ఎందుకు చేశానో నాకు తెలుసు. ఆమె చెయ్యి పడ్డా బండి అంటుకోకూడదు, అంతే.

మర్నాడు రైతు వాళ్ల నాన్నను కారులో తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. అన్నీ బిగించారు. రోటర్ లేదు. మా ఆయన గోనెపట్టా దులిపాడు, కిరసనాయిల్ వడగట్టాడు. ఎండ ఎక్కింది. రైతుకు విసుగొచ్చింది. ఆమె సంచి ఒకసారి చూడమని మా ఆయనతో అన్నాడు, మెల్లగా అంటున్నట్టే, అందరికీ వినబడేట్టు.

మా ఆయన కదల్లేదు. ఆమే సంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించింది. మడత పెట్టిన చీర, మందు బిళ్లలు, పొగాకు పొట్లం, నాలుగు తునికి పండ్లు. ఎవరి వైపూ చూడకుండా ఒక్కొక్కటీ తిరిగి సంచిలో వేసుకుంది.

లోపలికి వెళ్లి పెట్టె దించాను. "బల్బులల్ల కలిసింది" అని రోటర్ మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన నమ్మాడు. ఆమె నన్ను ఒక్క చూపు చూసింది. అంతే, నేను తల దించుకున్నాను.

ఇంజిన్ నాలుగుసార్లు దగ్గి అంటుకుంది. ముసలాయన బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. రైతు ఆమె దగ్గరికి వచ్చి, తప్పయిందని ఏదో గొణిగాడు. ఆమె అవ్ అవ్ అని పక్కకు జరిగింది.

బస్సు టైమయ్యే దాకా ఆమె నా కౌంటర్ దగ్గర కూర్చుంది. క్షమించమని అడగాలనుకున్నాను, ఇంతలో ఆమే మాట్లాడింది.

"మా ఆయన ఉన్నన్ని రోజులు బండి నేనే ఇప్పుతుంటి, నేనే బిగిస్తుంటి. ఎవలన్న మెకానిక్ వస్తే మాత్రం, పొయ్యి చాయ్ పెట్టుపో అనెటోడు. నిన్న నీ మొగడు గట్ల నలుగుట్ల చెప్తుంటే, నాకు రాత్రి నిద్ర పట్టలే బిడ్డా, సంబురానికి."

రోటర్ మాట ఎత్తలేదు. నేను తీసుకుపోయి బస్సెక్కించాను. సంచి అందిస్తూ, నేనే దాచానని చెప్పాను. "తెలుసు" అంది. బస్సు కదిలింది.

ఆ తర్వాత పాత జీపో, పెట్రోల్ బండో వస్తే మా ఆయన ఆమెకు కబురు పంపేవాడు. ఆమె పక్కన కూర్చుని జెట్లు ఊది చూడడం నేనూ నేర్చుకున్నాను. కొన్నిసార్లు సరిగ్గానే చెప్పేదాన్ని. మా ఆయన మాత్రం ముక్క చేతికి రాగానే ముందు ఆమె ముఖం వైపే చూసేవాడు. ప్రతిసారీ నాకు మండేది. కిరసనాయిల్ గిన్నె ఆమె వైపు జరిపి, నా వంతు ముక్క కోసం చెయ్యి చాపేదాన్ని.